అమ్మాయికి చెక్క క్లారినెట్ కొనాలా, ప్లాస్టిక్‌దే చాలా?

మెహదీపట్నం_నాన్న: మా అమ్మాయి యమహా 255 మీద నేర్చుకుంది, అది ప్లాస్టిక్. ఇప్పుడు దానికంటే మంచిది కావాలంటోంది. యమహా 450, బఫే ఇ11 చూశాం, రెండూ చెక్కవే. ఏది తీసుకోమంటారు? మన ఎండలకు నిలుస్తాయా?

నల్లచెక్క: ఇ11. దాని గ్రెనడిల్లా, అదే గట్టి నల్ల చెక్క, ఒకసారి ఊదాక ప్లాస్టిక్ ముట్టుకోబుద్ధి కాదు.

రీడ్‌రాజు: చెక్క జోలికి పోకండి సార్. నాది మొదటి వేసవిలోనే పై జాయింట్ (గొట్టం పై ముక్క) చీలింది. బయట మే ఎండ, గదిలో ఏసీ. కొన్న షాపుకు తీసుకెళ్తే “మీరే సరిగ్గా చూసుకోలేదు” అన్నారు.

నల్లచెక్క: చల్లటి గదిలో బిగించీ బిగించగానే ఊదేసి ఉంటారు. ఊపిరి వేడికి, తడికి లోపలి వైపు ఉబ్బుతుంది, బయటి వైపు చల్లగానే ఉంటుంది. చీలేది అందుకే. కొత్తలో రోజూ కాసేపే ఊదాలి, ఊదాక లోపల గుడ్డతో తుడవాలి. పెట్టెలో తేమ 40 నుంచి 60 శాతం ఉండాలి.

రీడ్‌రాజు: తుడిచాను. అయినా చీలింది.

నల్లచెక్క: తేమ చూశారా?

రీడ్‌రాజు: క్లారినెట్ కొన్నానా, పసిపిల్లను దత్తత తీసుకున్నానా?

చిట్టిఫ్లూట్: ఫ్లూట్ కొనిచ్చేయండి అంకుల్, గొడవ వదిలిపోతుంది.

బరాత్_భాయ్: పెళ్లిళ్ల సీజన్ అంతా ఊదేవాణ్ణి. నాది ప్లాస్టిక్‌దే, వానలో తడిసినా ఏమీ కాలేదు. అన్నా, ముందు మౌత్‌పీస్, అదే నోట్లో పెట్టుకునే ముక్క, మార్చి చూడండి. యమహాతో వచ్చే 4సీ మౌత్‌పీస్ తీసేసి, అదే 255కి వాండొరెన్ కంపెనీ బి45 మౌత్‌పీస్ పెట్టి ఊదించండి. ఖర్చు తక్కువ, తేడా ఎక్కువ.

నల్లచెక్క: బరాత్‌లో డ్రమ్స్ మధ్య టోన్ ఎవరు వింటారు? అమ్మాయి నేర్చుకునేది సంగీతం.

బరాత్_భాయ్: మరి మేం ఊదేది ఏంటి? ఎ.కె.సి. నటరాజన్ గారు ఈ క్లారినెట్ మీదే కర్ణాటక కచేరీలు చేశారు, 2022లో పద్మశ్రీ ఇచ్చారు. మా తాత పెళ్లిళ్లలో పొద్దంతా ఊదితే అందరూ తిన్నాక వెనకాల కూర్చోబెట్టి అన్నం పెట్టేవాళ్లు. మీరూ అదే చేస్తున్నారు, ఆన్‌లైన్‌లో.

నల్లచెక్క: నేను మనుషుల గురించి అనలేదు. వెస్ట్రన్ సంగీతం గ్రేడ్ పరీక్షకు వెళ్లే పిల్లకి టోన్ ముఖ్యం అంటున్నాను.

మెహదీపట్నం_నాన్న: గ్రేడ్ పరీక్ష అని నేనెప్పుడు అన్నాను? తను వర్ణాలు వాయించాలంటోంది. గమకాలు పలకడం లేదట, మంచిది కొంటే పలుకుతాయని పట్టు.

బరాత్_భాయ్: ఇది మొదటే చెప్పొద్దా అన్నా! గమకం పెదవిలో ఉంటుంది, హోల్ మీద నుంచి వేలు మెల్లగా జార్చడంలో ఉంటుంది. 255, 450, ఇ11 మూడింటికీ వేళ్లు పెట్టే పద్ధతి ఒకటే, దాన్ని బోమ్ అంటారు. చెక్క మారితే గమకం రాదు. గట్టి రీడ్ (మౌత్‌పీస్‌కి బిగించే పల్చటి బద్ద) వాడుతుంటే అర నంబరు తగ్గించండి, పెదవితో స్వరం వంచడం తేలికవుతుంది. మౌత్‌పీస్ నోరు కాస్త ఎక్కువ తెరుచుకున్నది తీసుకోండి. మరీ ఎక్కువ వద్దు, శ్రుతి నిలవదు.

నల్లచెక్క: గమకం సంగతి ఒప్పుకుంటాను. టోన్ సంగతి ఒప్పుకోను.

రీడ్‌రాజు: చీలితే ఇక్కడ ఎవరు బాగుచేస్తారో అది మాత్రం ఎవరూ చెప్పరు.

మెహదీపట్నం_నాన్న: తను వాడేది 3 నంబరు రీడ్. ఇవాళే రెండున్నర తెస్తాను. బి45 కొనేముందు ఒకసారి ఊదనిచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

బరాత్_భాయ్: నా దగ్గర ఉంది. ఆదివారం ముహూర్తాలు లేవు, అమ్మాయిని తీసుకురండి.