సూపర్ మార్కెట్ల ఉచిత ఛార్జర్లను నమ్ముకుని ఎలక్ట్రిక్ కారు నడపవచ్చా?

రెడింగ్_తెలుగు:
అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండులోని రెడింగులో అద్దె ఫ్లాటులో, మూడో అంతస్తులో ఉంటున్నాను. మాకంటూ కేటాయించిన పార్కింగు స్థలం లేదు కాబట్టి ఇంటి దగ్గర ఛార్జింగు కుదరదు. కిందటి ఏడాది సెకండ్ హ్యాండ్‌లో ఎలక్ట్రిక్ కారు తీసుకున్నది, మైలు దూరంలోని సూపర్ మార్కెట్‌లో 7 కిలోవాట్ల ఛార్జర్లు ఉచితంగా ఉన్నాయన్న ధైర్యంతోనే. వారానికి రెండుసార్లు సరుకులకు వెళ్లి, వెళ్లినప్పుడల్లా గంటంబావు అక్కడ ఉంటే దాదాపు 17 యూనిట్లు ఎక్కేవి. అంటే సుమారు 60 మైళ్లు. మా వారం అవసరం అంతే.

రెండు నెలలుగా ఆ లెక్క తప్పుతోంది. అక్కడ రెండు స్తంభాలు, నాలుగు సాకెట్లు ఉన్నాయి. మొన్న శనివారం వర్షంలో వెళ్లేసరికి ఒక స్తంభానికి అసలు దీపమే వెలగడం లేదు. రెండో దానికి కేబులు తగిలిస్తే లోపల టక్కుమని శబ్దం వచ్చింది, పచ్చ దీపం వెలిగింది, అయిదారు సెకన్లలో మళ్లీ టక్కుమని ఎర్రదీపం వచ్చింది. మూడుసార్లు ప్రయత్నించినా అదే తీరు. ఫోనులోని యాప్ మాత్రం నాలుగు సాకెట్లూ ఖాళీగా, సిద్ధంగా ఉన్నాయనే చూపిస్తోంది. లోపలికి వెళ్లి అడిగితే, ఛార్జర్లు తమవి కావనీ, వాటిని నడిపేది వేరే సంస్థ అనీ మర్యాదగానే చెప్పారు. బ్యాటరీ 18 శాతానికి వచ్చేసింది, వెనక సీటులో పాప ఉంది; చేసేది లేక మరోచోట డబ్బు కట్టి ఛార్జి చేసుకున్నాను.

ఇవి ఇలా ఎందుకు మొరాయిస్తాయో, బాగుచేయించే బాధ్యత ఎవరిదో, ఇకపై వీటిని నమ్ముకోవచ్చో లేదో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

కరెంటు_పని:
నేను వృత్తిరీత్యా ఎలక్ట్రీషియన్‌ను, ఇలాంటి స్తంభాలు కొన్నింటిని బిగించాను కూడా. మీరు విన్న మొదటి టక్కు శబ్దం లోపలి కాంటాక్టరు, అంటే కరెంటును కలిపి తెంచే పెద్ద స్విచ్చు, మూసుకున్నది. అంటే కారూ ఛార్జరూ చిన్న పిన్ను మీదుగా పంపుకునే సంకేతాలు కలిశాయి, కరెంటు ఇవ్వడానికి ఛార్జరు ఒప్పుకుంది. రెండో టక్కు అదే కాంటాక్టరు తెరుచుకున్నది. కరెంటు పారిన కొద్ది సెకన్లలో ఎర్తు లీకేజీని గానీ, సరఫరా లైనులో తేడాను గానీ రక్షణ పరికరం పసిగడితే ఇలాగే జరుగుతుంది. వర్షపు రోజున జరిగిందంటున్నారు కాబట్టి సాకెట్టు మూత పాడై లోపల తడి చేరిందేమోనని నాకు మొదటి అనుమానం. మీ కేబులు పిన్నులు కూడా తుడిచి చూసుకోండి. అదే కేబులుతో వేరేచోట ఛార్జింగు ఎక్కితే దోషం మీ కారుది కాదని తేలిపోతుంది. ఎర్రదీపం వచ్చాక పదేపదే తగిలించడం మాత్రం మంచిది కాదు, అది మన ప్రాణరక్షణ కోసమే ఆగుతోంది.

యాప్ విషయానికొస్తే, స్తంభం తన స్థితిని లోపలి సిమ్ కార్డు ద్వారా సర్వరుకు పంపుతుంది. కరెంటు పోయినా, సిగ్నలు తెగినా కొన్ని యాప్‌లు చివరిసారి అందిన స్థితినే చూపిస్తూ ఉంటాయి. దీపం ఆరిన స్తంభం ఖాళీగా ఉన్నట్టు కనబడటానికి చాలాసార్లు కారణం ఇదే. కాబట్టి బయలుదేరే ముందు ఖాళీగా ఉందా అన్నది కాకుండా, చివరిసారి అక్కడ ఎవరు ఎప్పుడు ఛార్జి చేసుకున్నారన్నది చూడండి. ఛార్జర్లు ఎక్కడున్నాయో చూపించే జాప్‌మ్యాప్ అనే యాప్‌లో వాడినవారు రాసే వ్యాఖ్యలు ఇందుకు బాగా పనికొస్తాయి.

స్లౌ_నుంచి:
బాధ్యత గురించి నేను చెబుతాను, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. 2018 నవంబరులో టెస్కో అనే సూపర్ మార్కెట్ సంస్థ, కార్ల కంపెనీ ఫోక్స్‌వ్యాగన్, ఛార్జర్ల కంపెనీ పాడ్ పాయింట్‌లతో కలిసి 600 దుకాణాల్లో 2,400 ఛార్జింగు స్థలాలు ఏర్పాటు చేస్తామని ప్రకటించినప్పుడు, 7 కిలోవాట్ల ఛార్జింగు అందరికీ ఉచితం. కారు ఛార్జి అయ్యేంతసేపూ మనిషి దుకాణంలో ఉంటాడు, ఆ కాస్త కరెంటు ఖర్చు అమ్మకాల్లో కలిసిపోతుంది అన్నది ఉచితంగా ఇచ్చేవారి లెక్క. కార్లు పెరిగాయి, కరెంటు ధరలు మండిపోయాయి. 2022 నవంబరు 1 నుంచి అదే టెస్కో 7 కిలోవాట్ల ఛార్జర్లకు యూనిట్‌కు 28 పెన్సుల ధర పెట్టింది. జర్మనీలో లిడ్ల్, కౌఫ్‌ల్యాండ్ సూపర్ మార్కెట్లు కూడా అదే ఏడాది ఉచితానికి స్వస్తి చెప్పాయి. ఇప్పటికీ అక్కడక్కడా మిగిలిన ఉచిత ఛార్జర్లు చాలావరకు పాతవి. వాటి మీద పైసా ఆదాయం లేదు కాబట్టి, చెడిపోయిన రోజున నష్టపోయేది మీరు తప్ప ఇంకెవరూ లేరు.

మన ఊళ్లలో పెట్రోలు బంకుల్లో టైర్లకు గాలి ఉచితమే, కానీ గాలి మిషను పనిచేసే బంకు ఏదో ముందు తెలుసుకోవాలి కదా, ఇదీ అంతే.

చట్టం కూడా మీ ఛార్జరును ఈ విషయంలో పట్టించుకోదు. 2023 నవంబరు 24న అమల్లోకి వచ్చిన బ్రిటన్ నిబంధనలు, ఏడాది తరువాత నుంచి 99 శాతం విశ్వసనీయత ఉండాలన్నాయి గానీ, ఆ షరతు 50 కిలోవాట్లు, అంతకు మించిన ర్యాపిడ్ ఛార్జర్లకే. అది కూడా ఒక్కో స్తంభానికి కాదు, ఆ సంస్థ ర్యాపిడ్ ఛార్జర్లన్నిటికీ కలిపి తీసే ఏడాది సగటు. అంటే ఒక స్తంభం నెలల తరబడి మూలపడి ఉన్నా మిగతావి బాగుంటే లెక్క సరిపోతుంది. నాకైతే ఇది అన్యాయంగానే తోస్తుంది, ఎందుకంటే ఇంటి దగ్గర స్థలం లేనివారు ఎక్కువగా ఆధారపడేది నెమ్మదిగా ఎక్కే ఈ చిన్న ఛార్జర్ల మీదే.

అయినా మీ చేతిలో ఒక ఆయుధం ఉంది. ఛార్జర్లను నడిపే సంస్థ రోజంతా పలికే ఉచిత హెల్ప్‌లైను పెట్టాలి. స్తంభం మీద నంబరు ఉంటుంది, పక్కనే ఆ స్తంభం గుర్తింపు సంఖ్య కూడా ఉంటుంది. ఆ రెండూ చెప్పి ఫిర్యాదు నమోదు చేయించండి.

మిల్టన్_కీన్స్_అమ్మ:
రెడింగ్ గారూ, మాది కూడా ఫ్లాటే, మూడేళ్లుగా ఇలాగే నెట్టుకొస్తున్నాము. పై ఇద్దరూ చెప్పింది నిజమే గానీ, ఉచిత ఛార్జర్లను పూర్తిగా వదిలేయమని మాత్రం నేను చెప్పను. దొరికిన రోజు వాడుకోండి, దొరకని రోజు ఇబ్బంది పడకుండా చూసుకోండి. మా ఇంట్లో నియమం ఏమిటంటే, బ్యాటరీ 40 శాతానికి దిగితే ఆ రోజే డబ్బు కట్టే ఛార్జరుకు వెళ్తాము, ఉచితం కోసం ఆగము. 18 శాతంతో, పాపతో, వానలో నిలబడవలసి వచ్చిందని చదివి మనసు చివుక్కుమంది.

ఒకసారి లెక్క కూడా వేసి చూడండి. ముప్పావు గంటకు 7 కిలోవాట్ల మీద అయిదు యూనిట్లకు కాస్త ఎక్కువ వస్తుంది. 28 పెన్సుల ధరే అనుకున్నా పౌనున్నరకు మించదు. దాని కోసం పాడైన స్తంభాల చుట్టూ తిరగడం, పార్కింగు గడువు దాటి జరిమానా కట్టడం రెండూ నష్టమే. చాలా దుకాణాల్లో పార్కింగు గడువును కెమెరాలు లెక్కపెడతాయి, ఛార్జింగులో ఉన్నామంటే వినరు. లండనులో అయితే కొన్ని వీధుల్లో దీపస్తంభాలకే ఛార్జింగు సాకెట్లు బిగించారు, రాత్రంతా పెట్టుకోవచ్చు. మీ కౌన్సిలుకు కూడా మీ వీధి పేరుతో ఒక అర్జీ పెట్టండి, మేము పెట్టాము.

రెడింగ్_తెలుగు:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మంగళవారం ఆఫీసు దగ్గర అదే కేబులుతో ఛార్జింగు ఎక్కింది, కాబట్టి దోషం మాది కాదు. సాయంత్రం సూపర్ మార్కెట్ స్తంభం ముందు నిలబడి హెల్ప్‌లైనుకు ఫోను చేశాను. దీపం లేని స్తంభానికి నెట్‌వర్కు సంబంధమే తెగిపోయి ఉందని ఫోను ఎత్తిన ఆవిడ తెర మీద చూసి చెప్పారు. దాని మీద అంతకుముందు ఒక్క ఫిర్యాదు కూడా లేదట. రెండు నెలలుగా అందరం తగిలించి చూసి, విసుక్కుని వెళ్లిపోయామే తప్ప ఎవరమూ ఫోను చేయలేదన్నమాట. రెండో స్తంభాన్ని దూరం నుంచే రీస్టార్టు చేశారు. ఎడమ సాకెట్టు పనిచేసింది, కుడిది మళ్లీ ఎర్రదీపమే చూపింది. దానికి మనిషిని పంపుతామని ఫిర్యాదు సంఖ్య ఇచ్చారు. ఆ సంఖ్యను జాప్‌మ్యాప్‌లో కూడా రాసి పెట్టాను. మిల్టన్ కీన్స్ అమ్మగారి 40 శాతం నియమాన్ని ఈ వారం నుంచి మేమూ పాటిస్తున్నాము.