ఎలుక చెవి వెనక బోడి మచ్చ, పొట్టు: తామరా, గజ్జా? (చెన్నై)

వేళచ్చేరి_పంజరం

నమస్కారం అండీ. రెండు మగ ఎలుకలు, ఏడాది వయసు, ఒక్కోటి 400 గ్రాముల దాకా ఉంటాయి. ఒకదానికి చెవి వెనకా ముక్కు మీదా వేలిగోరంత మేర వెంట్రుకలు ఊడిపోయి పొట్టు రాలుతోంది. పెద్దగా గోక్కోవడం లేదు. రెండోదానికి మచ్చల్లేవు గానీ వీపు మీద నారింజ రంగు జిడ్డు పొలుసు ఉంది. యూవీ టార్చి వేసి చూస్తే ముక్కు చుట్టూ ఎర్రగా మెరిసింది, మచ్చ మాత్రం మెరవలేదు. అంటే ఫంగస్ కాదనుకోవచ్చా? ఇంట్లో క్లోబెటసోల్, జెంటమైసిన్, మైకోనజోల్ కలిసిన ట్యూబు ఉంది, రాయొచ్చా? అమ్మమ్మ పసుపూ వేపనూనే రాయమంటున్నారు. పంజరంలో చెక్కపొట్టు వేస్తున్నాం. ఇంట్లో ఆరేళ్ళ పాప ఉంది.

తోకచుక్క

టార్చి సంగతి ముందు తేల్చేద్దాం. ఆ వెలుగులో ఆకుపచ్చగా మెరిసేది మైక్రోస్పోరం కేనిస్ అనే ఫంగస్. అది ఎక్కువగా పిల్లుల నుంచి వస్తుంది, అందులోనూ అన్ని కేసులూ మెరవవు. ఎలుకలకు మామూలుగా తగిలేది ట్రైకోఫైటాన్ మెంటాగ్రోఫైట్స్, అది అసలు మెరవదు. కాబట్టి మెరవనంత మాత్రాన తామర కాదని చెప్పలేం. ముక్కు దగ్గర ఎర్రగా కనబడింది పోర్ఫిరిన్. ఎలుక కళ్ళ వెనక గ్రంథి నుంచి ఊరే ఎర్రటి స్రావం అది, రోగం కాదు. మరీ ఎక్కువగా కారుతుంటే మాత్రం ఒత్తిడో ఊపిరితిత్తుల జబ్బో ఉందేమో చూడాలి.

రెండోదాని వీపు మీది నారింజ పొలుసు చాలావరకు మగ ఎలుకలకు సహజంగా వచ్చే జిడ్డే. దాని కింద చర్మం మామూలుగా ఉండి, వెంట్రుకలు ఊడకపోతే ఏ మందూ అక్కర్లేదు.

మొదటిదానికి మీరు చెప్పిన లక్షణాలు తామరకు సరిపోతాయి: ముఖం, చెవుల దగ్గర గుండ్రంగా ఊడటం, పొట్టు, తక్కువ దురద. గజ్జి పురుగులైతే మెడ, భుజాల మీద చిన్న చిన్న పక్కులు కట్టి, ఎలుక రక్తం వచ్చేలా గోక్కుంటుంది. తోటి ఎలుక కొరికి వెంట్రుకలు తీసేసిన చోట పొట్టు ఉండదు, చర్మం నున్నగా ఉంటుంది. అయినా చూపుతో తేల్చకండి, రెండు జబ్బులూ కలిసి ఉండటం మామూలే. వేపేరి వెటర్నరీ కాలేజీ ఆస్పత్రిలో గానీ, కుందేళ్ళూ ఎలుకలూ చూసే ప్రైవేటు క్లినిక్‌లో గానీ రెండు పరీక్షలు అడగండి. ఒకటి, మచ్చ అంచు నుంచి పీకిన వెంట్రుకలూ గీరిన పొట్టూ పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో మైక్రోస్కోపు కింద చూడటం. పురుగులు, ఫంగస్ రెండూ ఇందులోనే బయటపడొచ్చు, కానీ ఏమీ కనబడలేదంటే లేనట్టు కాదు. రెండోది ఫంగల్ కల్చర్, అంటే శాంపిల్‌లోని ఫంగస్‌ను ల్యాబులో పెంచి చూడటం. దీనికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. శాంపిల్ ఇచ్చేదాకా మచ్చకు ఏమీ రాయొద్దు, రాస్తే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు.

ఆ ట్యూబు వద్దు. క్లోబెటసోల్ చాలా గట్టి స్టెరాయిడ్. రెండు రోజుల్లో ఎరుపు తగ్గి నయమైనట్టు కనిపిస్తుంది, అడుగున ఫంగస్ మాత్రం నిక్షేపంగా పెరుగుతుంది. పైగా ఎలుక ఒంటికి రాసింది ఏదైనా అరగంటలో కడుపులోకి పోతుంది. మన దేశంలో మనుషుల తామర ఇంత మొండికేయడానికి ఇలాంటి కలగూరగంప ట్యూబులు ఒక కారణమని చర్మవైద్యులు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు.

పసుపు రాస్తే రంగు అంటుకుని మచ్చ పెరుగుతోందో తగ్గుతోందో తెలియదు. వేపనూనె జిడ్డుకు ఎలుక రోజంతా నాకుతూ కూర్చుంటుంది. అమ్మమ్మగారికి ఎలాగోలా నచ్చజెప్పండి. టీ ట్రీ ఆయిల్ అయితే విషమే, దగ్గరికి రానీయకండి.

ఉతికిన_ఊయల

పైన చెప్పినదానికి కొంచెం కలుపుతాను. మందు కన్నా పంజరం పనే ఎక్కువ. రాలిన వెంట్రుకల్లో, పొట్టులో ఫంగస్ బీజాలు నెలల తరబడి బతుకుతాయి. ఎలుకకు నయం చేసి, పంజరంలో కట్టే అదే గుడ్డ ఊయలలో పడుకోబెడితే మళ్ళీ వస్తుంది.

చెక్క ఇళ్ళు, కొరికిన కొమ్మలు, అట్టపెట్టెలు పారేయండి, చెక్క పొరల్లోకి బ్లీచ్ వెళ్ళదు. అడుగున వేసే చెక్కపొట్టు మానేసి కాగితం ముక్కలో ఫ్లీస్ గుడ్డో వేయండి. పైన్ పొట్టు ఊపిరితిత్తులకూ మంచిది కాదు. పంజరాన్ని ముందు సబ్బునీళ్ళతో బాగా తోమి కడగాలి. ఈ మెట్టు దాటేస్తే రెండు నష్టాలు: మురికి మీద బ్లీచ్ పనిచేయదు, మూత్రంలోని అమ్మోనియాతో కలిసి ఘాటు గ్యాస్ వస్తుంది. తర్వాత 4-5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న లిక్విడ్ బ్లీచ్ లీటరు నీళ్ళకు 30 మి.లీ. కలిపి, పంజరమంతా 10 నిమిషాలు తడిగా ఉండేలా పట్టించాలి. ఆరిపోతుంటే మళ్ళీ తడపాలి. ఆపైన మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి, ఎండలో ఆరబెట్టి, వాసన పూర్తిగా పోయాకే ఎలుకల్ని వదలండి. కలిపిన నీళ్ళు ఆ రోజుకే, మర్నాటికి దాచొద్దు. బ్లీచ్‌లో టాయిలెట్ యాసిడ్ గానీ ఫినాయిల్ గానీ కలపకండి. అసలు ఎలుకలున్న గదిలో ఫినాయిల్‌తో తుడవడమే మానేయండి. ఇలా వారానికి రెండుసార్లు. మధ్య రోజుల్లో రాలిన వెంట్రుకలు తడిగుడ్డతో తీసేస్తే చాలు, చీపురుతో ఊడిస్తే బీజాలు గదంతా ఎగురుతాయి.

గుడ్డలు మెషిన్‌లో కుక్కకుండా, రెండుసార్లు ఉతకండి. వేడినీళ్ళే కావాలనేం లేదు, బీజాలు కొట్టుకుపోవడం ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు కదా, ఆరని ఊయల కట్టేయడమే ఇక్కడ పెద్ద తప్పు. కనీసం ఆరు ఊయలలు పెట్టుకుని, చెమ్మ ఉంటే ఇస్త్రీ చేసి కట్టండి. గదిలో గాలి ఆడాలి, కానీ ఫ్యాను గాలి నేరుగా పంజరం మీద పడకూడదు.

ఇంకో మాట. ఒకే పంజరంలో ఉన్నాయి కాబట్టి మచ్చల్లేని రెండోది కూడా మోస్తూ ఉండొచ్చు. రెంటికీ పరీక్ష, అవసరమైతే రెంటికీ మందు. విడదీసి ఒంటరిగా పెట్టకండి, ఆ దిగులుకే జబ్బు ముదురుతుంది.

వేళచ్చేరి_పంజరం

చాలా థాంక్స్ అండీ. కల్చర్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా? ఫంగస్‌కు వేసే ఇట్రాకోనజోల్ క్యాప్సూల్ విప్పి కొంచెం కొంచెంగా ఇవ్వొచ్చని ఒకరు, పశువుల ఐవర్‌మెక్టిన్ ఒక చుక్క వేస్తే పురుగులు కూడా పోతాయని ఇంకొకరు అన్నారు.

తోకచుక్క

శాంపిల్ ఇచ్చిన రోజే పైపూత మొదలుపెట్టొచ్చు, డాక్టరు ఎలాగూ అదే చెబుతారు. ఒక్క మందే ఉన్న క్రీము అడగండి: క్లోట్రిమజోల్ 1 శాతం లేదా మైకోనజోల్ 2 శాతం. సాలిసిలిక్ యాసిడ్ ఉన్నవి వద్దు. గుండ్రటి మొన కత్తెరతో మచ్చ చుట్టూ వెంట్రుకలు కొంచెం పొట్టిగా కత్తిరించండి. ట్రిమ్మర్ వాడితే చర్మం గీసుకుపోయి ఫంగస్ పాకుతుంది. చేతులకు గ్లవ్స్ వేసుకుని, పెసరగింజంత క్రీము మచ్చ దాటి కొంత బయటికి కూడా, పూర్తిగా ఇంకేదాకా రుద్దండి. రోజుకు రెండుసార్లు. రాశాక ఓ పావుగంట ఇష్టమైన తిండి ఇచ్చి చేతిలోనే ఉంచుకోండి, లేకపోతే నాకేస్తుంది. మెడకు కాలర్ వేయకండి, తినలేదు.

ఇక క్యాప్సూల్. అందులో 100 మి.గ్రా. ఉంటుంది. ఎలుకకు కిలోకు 5 మి.గ్రా. లెక్కన రాస్తే 400 గ్రాముల ఎలుకకు 2 మి.గ్రా., అంటే క్యాప్సూల్‌లో యాభయ్యో వంతు. లోపలి గింజల్ని అలా పంచడం ఎవరి వల్లా కాదు. మి.లీ.కి 10 మి.గ్రా. ఉండే నోటి ద్రావణం దొరికితే అదే మోతాదు 0.2 మి.లీ. అవుతుంది, ఇన్సులిన్ సిరంజితో (సూది తీసేసి) ఇవ్వొచ్చు. కానీ మచ్చలు ఎక్కువైతేనో, పైపూతకు లొంగకపోతేనో డాక్టరు రాస్తేనే. అది కాలేయం మీద భారం వేస్తుంది. ఇస్తున్నంత కాలం తిండి తగ్గుతోందేమో చూస్తూ, వంటింటి త్రాసు మీద బరువు రాసుకోవాలి. కడుపుతో ఉన్న ఎలుకలకు ఇది గానీ, గ్రిసియోఫుల్విన్ అనే ఇంకో ఫంగస్ మందు గానీ ఇవ్వకూడదు.

ఐవర్‌మెక్టిన్ "ఒక చుక్క" ఇంకా ప్రమాదం. పశువుల ఇంజెక్షన్ 1 శాతం, అంటే మి.లీ.కి 10 మి.గ్రా. కిలోకు 0.2 మి.గ్రా. చొప్పున మీ ఎలుకకు కావలసింది 0.008 మి.లీ. ఒక చుక్క సుమారు 0.05 మి.లీ., ఆరు రెట్లు. వణుకు, తూలడం, ఆపైన కోమా. పురుగులు మైక్రోస్కోపులో కనబడితే క్లినిక్‌లోనే కొలిచి వేయించండి.

ఉతికిన_ఊయల

క్రీము ఒక్కటే చాలుతుందనే మాట దగ్గర నేను కొంచెం తేడా పడతాను. మచ్చ లేని చోట వెంట్రుకల్లో కూడా బీజాలు ఉంటాయి, అక్కడ క్రీము పడదు. మచ్చలు మూడు నాలుగు దాటినా, ఇంట్లో పిల్లలున్నా, మైకోనజోల్ 2 శాతం, క్లోర్‌హెక్సిడిన్ 2 శాతం కలిసిన కుక్కల షాంపూతో వారానికి రెండుసార్లు ఒళ్ళంతా కడగడం గురించి డాక్టర్ని అడగండి.

తోకచుక్క

మచ్చలు ఎక్కువైతే ఒప్పుకుంటాను. రెండు మచ్చలకే ఒళ్ళంతా స్నానం అంటే ఎలుకకు చలి, బెదురు. ఒకవేళ చేసినా: గోరువెచ్చటి నీళ్ళు, దూదితో నురగ పట్టించడం, కళ్ళకూ చెవులకూ తగలనీయకపోవడం, 10 నిమిషాలు తువ్వాలులో చుట్టి ఉంచి కడిగేయడం, ఏసీ లేని గదిలో పూర్తిగా ఆరేదాకా తుడవడం. ఆ 10 నిమిషాలూ ఉంచకపోతే మందు పనిచేయదు, ఊరికే తడిపినట్టే.

ఎప్పుడు ఆపాలో అడగలేదు గానీ చాలామంది తప్పుచేసేది అక్కడే. వెంట్రుకలు మొలవగానే ఆపేస్తారు. కొత్త టూత్‌బ్రష్‌తో ఒళ్ళంతా దువ్వి, ఆ బ్రష్‌నే కల్చర్‌కు పంపాలి. ఒకటి రెండు వారాల తేడాతో రెండుసార్లు ఫంగస్ లేదని రావాలి, అప్పుడే ఆపాలి. మొత్తం ఆరు నుంచి పది వారాలు పట్టినా ఆశ్చర్యపోకండి.

ఈలోగా పాప ఎలుకల్ని ముద్దాడకుండా, పంజరం ముట్టుకోకుండా చూడండి. ఇంట్లో ఎవరికైనా గుండ్రటి దురద మచ్చ వస్తే చర్మవైద్యుడికి ఎలుక సంగతి చెప్పండి. ఇంట్లో ఇప్పటికే మొండి తామర ఉన్నవాళ్ళుంటే ఆ మాట వెట్‌కి కూడా చెప్పాలి, టెర్బినాఫిన్ అనే తామర మందుకు లొంగని రకం ఇప్పుడు మన దగ్గర బాగా తిరుగుతోంది. పిల్లి ఉంటే దాన్నీ పరీక్ష చేయించండి. ఇకపై కొత్త ఎలుకను తెస్తే నాలుగు వారాలు వేరే గదిలో, వేరే గిన్నెలతో పెట్టి, మీ ఎలుకల పని అయ్యాకే దాని దగ్గరికి వెళ్ళండి.