ఐ3లో వర్క్‌స్పేస్‌లను గ్రూపులుగా పెట్టుకోవడం: గ్రూపు మారిస్తే ఎక్కడెక్కడో తేలుతున్నా

నీలి_టెర్మినల్:
ఉబుంటు మీద ఐ3 (కీబోర్డుతో విండోలు సర్దే విండో మేనేజరు) వాడుతున్నా. పని మూడు రకాలు: ఆఫీసు, ఫ్రీలాన్స్, ఇంటి లెక్కలు. ఒక్కోదానికి ఎడిటరు, టెర్మినల్, బ్రౌజరు, చాట్ కలిపి నాలుగైదు వర్క్‌స్పేస్‌లు (విండోలు విడివిడిగా పెట్టుకునే తెరలు) కావాలి. మాదాపూర్ ఆఫీసులో ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ మానిటర్ తగిలిస్తా, ఇంట్లో ల్యాప్‌టాప్ స్క్రీను ఒక్కటే.

"11:మెయిల్", "21:కోడ్" అని పేర్లు పెట్టా. ఇప్పుడున్న గ్రూపు నంబరు ఒక ఫైల్లో ఉంటుంది. మాడ్ (ఐ3 షార్ట్‌కట్లకి పెట్టుకున్న కీ)+1 నొక్కితే స్క్రిప్టు ఆ ఫైలు చదివి, ఆ గ్రూపులో మొదటిదానికి వెళ్తుంది. చిక్కులు ఇవి: బార్ మీద మౌస్‌తో నొక్కి వేరే గ్రూపుకి వెళ్తే ఫైల్లో పాత నంబరే ఉండిపోతుంది, తర్వాత ఏ కీ నొక్కినా వెనక్కి లాక్కెళ్తుంది. "21:కోడ్" ఉండగానే పక్కన ఉత్త "21" ఒకటి ఖాళీగా పుడుతుంది. అదే కీ రెండుసార్లు నొక్కితే ఇంకో గ్రూపులో ఉంటున్నా. ఇక గ్రూపు మారిస్తే ఫోకస్ ఉన్న మానిటరే మారుతుంది, రెండోది అలాగే ఉంటుంది.

సెమికోలన్:
ముందు ఆ ఫైలు తీసేయండి. మీ మొదటి చిక్కుకి మూలం అదే. ఐ3కి గ్రూపు అనేదే తెలియదు. దానికి తెలిసింది వర్క్‌స్పేస్ పేరు, ఆ పేరు మొదట్లో ఉన్న అంకెలు, అంతే. కాబట్టి గ్రూపు ఆ నంబర్లోనే ఉండాలి, ఇంకెక్కడా రాసిపెట్టకూడదు.

(కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, కాన్ఫిగ్‌లో మామూలుగా ఇంగ్లీషులో కొట్టండి.)

ఐ3-ఎంఎస్‌జీని (ఐ3కి కమాండ్లు పంపే ప్రోగ్రాం) "గెట్ వర్క్‌స్పేసెస్" అడిగితే వచ్చే జేసన్ జవాబులో ప్రతి వర్క్‌స్పేస్‌కీ నమ్ (నంబరు), ఫోకస్డ్, విజిబుల్, ఔట్‌పుట్ (ఏ మానిటరు) ఉంటాయి. జేక్యూతో (జేసన్‌లోంచి కావలసింది తీసే టూల్) ఫోకస్డ్ ట్రూ ఉన్నదాని నమ్ తీసుకుని 10తో భాగించండి. 23లో ఉంటే గ్రూపు 2. అక్కడ మాడ్+5 నొక్కితే 2×10+5, అంటే 25కి వెళ్లాలి. మౌస్‌తో వెళ్లినా, కీతో వెళ్లినా, విండో తనంతట తాను ఫోకస్ లాక్కున్నా లెక్క తప్పదు.

రెండు చోట్ల జాగ్రత్త. గ్రూపు అంకెనీ కీ అంకెనీ పక్కపక్కన అతికించకండి, గుణించి కూడండి. అతికిస్తే గ్రూపు 0లో 8వది "08" అవుతుంది. బాష్ (స్క్రిప్టు నడిపే షెల్) లెక్కల్లో సున్నాతో మొదలైంది అష్టాంశ సంఖ్య (0 నుంచి 7 దాకా అంకెలే ఉండేది) కింద లెక్క, 08, 09 దగ్గర ఎర్రర్ కొట్టి ఆగుతుంది. 7 దాకా బాగానే నడుస్తుంది కాబట్టి ఇది వెంటనే దొరకదు. రెండోది, అంకె లేని పేరు (ఉత్త "మెయిల్" లాంటిది) ఉన్న వర్క్‌స్పేస్‌కి నమ్ -1 వస్తుంది. బాష్‌లో -1ని 10తో భాగిస్తే 0. ఏ ఎర్రరూ లేకుండా గ్రూపు 0లో పడతారు. నమ్ సున్నాకంటే తక్కువైతే స్క్రిప్టు అక్కడే ఆగిపోయేలా ఒక లైను పెట్టండి.

ఉత్త "21" పుట్టడానికి కారణం: "వర్క్‌స్పేస్ 21" అంటే సరిగ్గా ఆ పేరున్నదే వెతుకుతుంది, లేకపోతే కొత్తది చేస్తుంది. "వర్క్‌స్పేస్ నంబర్ 21" అంటే పేరు మొదట్లో ఉన్న నంబరు చూసి "21:కోడ్" పట్టుకుంటుంది. విండో పంపే "మూవ్ కంటైనర్ టు వర్క్‌స్పేస్" కమాండ్‌లోనూ నంబర్ అన్న మాట ఉండాలి.

రెండుసార్లు నొక్కితే వేరే చోట తేలడం "వర్క్‌స్పేస్ ఆటో బ్యాక్ అండ్ ఫోర్త్" ఆన్‌లో ఉంటే వస్తుంది. ఉన్నచోటికే వెళ్లమంటే అది అంతకుముందు ఉన్నచోటికి పంపిస్తుంది. అది అలవాటైతే తీసేయక్కర్లేదు, స్క్రిప్టులో మాత్రం వర్క్‌స్పేస్ అన్న మాట వెంటనే "--నో-ఆటో-బ్యాక్-అండ్-ఫోర్త్" పెట్టండి.

కొండాపూర్_కీబోర్డ్:
సెమికోలన్ గారు చెప్పినదాని మీద మానిటర్ల సంగతి కలుపుతున్నా.

ఐ3లో ఒక్కో వర్క్‌స్పేస్ ఒక్కో ఔట్‌పుట్‌కే చెందుతుంది. ప్రతి గ్రూపులో 0 నుంచి 6 దాకా పెద్ద మానిటర్‌కి, 7, 8, 9 ల్యాప్‌టాప్‌కి కట్టేయండి. "వర్క్‌స్పేస్ 21 ఔట్‌పుట్ హెచ్‌డీఎంఐ-1 ఈడీపీ-1" అని రెండు పేర్లూ ఇస్తే, మొదటిది లేనప్పుడు రెండోదానికి వెళ్తుంది. మూడు గ్రూపులకి ముప్పై లైన్లు, కానీ ఒక్కసారి రాస్తే చాలు. ఔట్‌పుట్ పేర్లు ఎక్స్‌ర్యాండ్‌ఆర్ (మానిటర్లను చూపించి, మార్చే కమాండ్) చూపించినవే పెట్టాలి. స్వేలో (ఐ3 లాంటిదే ఇంకో విండో మేనేజరు) అదే పోర్టు హెచ్‌డీఎంఐ-ఏ-1 అవుతుంది, అందుకే ఒకరి కాన్ఫిగ్ ఇంకొకరు కాపీ కొడితే పనిచేయదు.

గ్రూపు మార్చేటప్పుడు రెండు కమాండ్లూ ఒకే మెసేజ్‌లో పంపండి: "వర్క్‌స్పేస్ నంబర్ 27; వర్క్‌స్పేస్ నంబర్ 21". చివర రాసినదానికి ఫోకస్ ఉంటుంది, కాబట్టి పెద్ద మానిటర్‌ది చివర. మొత్తం కోట్స్‌లో ఉండాలి, లేకపోతే సెమికోలన్ దగ్గర షెల్ తెంపేస్తుంది. బ్యాక్ అండ్ ఫోర్త్ ఆన్‌లో ఉంటే ఆ ఆప్షన్ రెండింటికీ పెట్టాలి. ఇంట్లో ఒక్క స్క్రీనే ఉన్నప్పుడు 27 పంపనవసరం లేదు. జేసన్‌లో వేర్వేరు ఔట్‌పుట్‌లు ఎన్నో లెక్కపెట్టి, ఒకటే అయితే 21 ఒక్కటే పంపండి.

కేబుల్ పీకాక విండోలు మాయమైతే కంగారు పడకండి. ఎక్స్‌లో (ఐ3 కింద నడిచే డిస్‌ప్లే వ్యవస్థ) కేబుల్ పోయినా ఆ ఔట్‌పుట్ తనంతట తాను ఆఫ్ కాకపోవచ్చు, విండోలు కనిపించని స్క్రీను మీదే ఉంటాయి. ఎక్స్‌ర్యాండ్‌ఆర్‌ను --ఆటోతో నడిపితే ల్యాప్‌టాప్ మీదికి వచ్చేస్తాయి. ఆటోర్యాండ్‌ఆర్ అనే టూల్ పెట్టుకుంటే ఆ పని అదే చేస్తుంది. 

నీలి_టెర్మినల్:
ఇద్దరికీ థాంక్స్. నాలుగూ తీరాయి. ఇంకో రెండు అడుగుతా. గ్రూపు మారినప్పుడు ఎప్పుడూ 21కే కాకుండా, ఆ గ్రూపులో చివరిసారి ఉన్నచోటికి వెళ్లాలంటే? ఇంకోటి, మాడ్+జీ తర్వాత అంకె నొక్కితే గ్రూపు మారేలా మోడ్ (కీలకి తాత్కాలికంగా వేరే పనులు ఇచ్చేది) పెట్టా. కీబోర్డులో తెలుగు లేఅవుట్ మొదట, ఇంగ్లీషు తర్వాత పెట్టుకుంటే మాడ్+జీ అసలు పలకట్లేదు.

సెమికోలన్:
రెండోది ముందు. ఐ3 బైండ్‌సిమ్‌లను (అక్షరం పేరుతో కీకి కట్టే లైన్లు) మొదటి లేఅవుట్ ప్రకారం కీకోడ్లుగా (కీబోర్డు మీది కీ నంబర్లు) మార్చుకుంటుంది. మొదటిది తెలుగైతే అందులో ఇంగ్లీషు జీ అక్షరమే లేదు, ఇక దేనికి కడుతుంది? సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్‌లో (లేఅవుట్లు పెట్టే కమాండ్) లేఅవుట్ "యూఎస్,ఇన్", వేరియంట్ ",టెల్" అని ఇవ్వండి. వేరియంట్ ముందున్న ఆ కామా మర్చిపోవద్దు, అది లేకపోతే టెల్ పోయి యూఎస్‌కి తగులుకుంటుంది. ఇంగ్లీషు మొదట ఉంటే, తెలుగులో టైప్ చేస్తున్నప్పుడు కూడా మాడ్+జీ పనిచేస్తుంది.

చివరిసారి ఉన్నచోటు గుర్తుండాలంటే మాత్రం ఫైలు తప్పదు. కానీ ఆ ఫైల్లో రాసేది మీ కీ స్క్రిప్టు కాదు, ఐ3 చెప్పిన వార్త. ఐ3-ఎంఎస్‌జీని "సబ్‌స్క్రైబ్", -ఎమ్‌తో వర్క్‌స్పేస్ ఈవెంట్లకి కట్టండి. ఫోకస్ మారినప్పుడల్లా వచ్చే నంబరును గ్రూపుకో ఫైలు చొప్పున ఎక్స్‌డీజీ రన్‌టైమ్ డైరెక్టరీలో రాయండి. మౌస్‌తో వెళ్లినా అక్కడ నమోదవుతుంది. దీన్ని కాన్ఫిగ్‌లో ఎగ్జెక్‌తో (ఐ3 మొదలైనప్పుడు ఒక్కసారే నడిపేది) మొదలుపెట్టండి.

కొండాపూర్_కీబోర్డ్:
చివరి మాట ఒక్కటి సరిదిద్దాలండీ. ఐ3ని రీస్టార్ట్ చేస్తే ఐపీసీ (వేరే ప్రోగ్రాంలు ఐ3తో మాట్లాడే దారి) కనెక్షన్లు తెగిపోతాయి, ఆ సబ్‌స్క్రైబ్ ప్రాసెస్ కూడా ఆగిపోతుంది. ఎగ్జెక్ మళ్లీ నడవదు కాబట్టి అప్పటినుంచి గుర్తుపెట్టేవాళ్లే ఉండరు. ఐ3లో ఎగ్జెక్_ఆల్వేస్ (రీస్టార్ట్ చేసినప్పుడల్లా నడిచేది) కావాలి. స్వేలో ఎగ్జెక్_ఆల్వేస్ ప్రతి రీలోడ్‌కీ నడుస్తుంది, అక్కడ పాతది బతికే ఉంటుంది, ఒకటి రెండవుతాయి. స్వేకి మారితే పాతదాన్ని చంపి కొత్తది మొదలుపెట్టేలా రాయాలి. లేఅవుట్ సంగతికీ స్వేలో బైండ్‌సిమ్ పక్కన --టు-కోడ్ పెట్టాలి, అక్కడా ఇంగ్లీషే మొదట ఉండాలి.

సెమికోలన్:
నిజమే, ఎగ్జెక్_ఆల్వేసే సరి. నీలి గారూ, మోడ్‌లో ప్రతి అంకె బైండింగ్ చివరా "; మోడ్ డిఫాల్ట్" ఉందో లేదో చూసుకోండి, ఎస్కేప్‌కి కూడా అదే కట్టండి. ఒక్క అంకెకి మర్చిపోయినా ఆ మోడ్‌లోనే ఉండిపోతారు, మామూలు మాడ్ కీలు ఒక్కటీ పలకవు.