చర్చ: రెసిస్టర్ల క్యూబ్‌లో ఏ నోడ్లు కలపొచ్చు, ఏవి కలపకూడదు?

గోల్డ్‌బ్యాండ్: 12 రెసిస్టర్ల క్యూబ్, అంచుకొకటి, ఒక్కోటి 1 ఓమ్; అవి కలిసే మూలలే నోడ్లు. మూల నుంచి ఎదుటి మూలకి మూడు, ఆరు, మూడు ప్యారలల్ కాబట్టి 1/3 + 1/6 + 1/3 = 5/6, ఇది అందరికీ తెలిసిందే. ముఖ కర్ణం చివరల మధ్య, ఒకే అంచు చివరల మధ్య అడిగితే మాత్రం "సిమెట్రీ వల్ల" అని ఒక్కొక్కరు ఒక్కో జత నోడ్లు కలిపేస్తున్నారు. కచ్చితంగా తేల్చే పద్ధతి ఏమిటి?

ఓమ్‌మీటర్: అద్దం (క్యూబ్‌ని రెండు ఒకేలాంటి సగాలుగా చీల్చే ఊహా తలం) ఎక్కడ పెట్టారన్నదే అసలు సంగతి. కరెంటు లోపలికెళ్లే, బయటికొచ్చే టెర్మినల్స్ రెండూ అద్దం తలం మీదే ఉంటే ప్రతి నోడుకీ దాని ప్రతిబింబానికీ పొటెన్షియల్ ఒకటే, కలిపేయండి. అద్దం ఒక టెర్మినల్‌ని రెండోదానిగా మార్చేదైతే జంటలు సమానం కావు. ఒకటి 0.3 వోల్టు దగ్గరుంటే దాని జంట మొత్తం వోల్టేజిలోంచి 0.3 తీసేసిన చోట ఉంటుంది. సమానంగా ఉండేవి అద్దం మీదున్న నోడ్లే, అన్నీ సగం వోల్టేజి దగ్గర. ఈ రెండో రకంలో జంటల్ని కలిపేయడమే ఎక్కువగా జరిగే పొరపాటు.

కింది ముఖం చుట్టూ ఎ, పి, బి, క్యూ. వాటికి సరిగ్గా పైన ఎ1, పి1, బి1, క్యూ1 అనుకోండి.

ఎ–బి మధ్య (ముఖ కర్ణం): ఇక్కడ రెండో రకం అద్దం. దాని మీదున్న పి, క్యూ, పి1, క్యూ1 నాలుగూ సగం వోల్టేజిలో ఉంటాయి. పి–పి1, క్యూ–క్యూ1 లలో కరెంటు సున్నా, పీకేయండి. కింద రెండు దారులు, ఒక్కోటి 2 ఓమ్‌లు, కలిపితే 1. పైనుంచి వెళ్లే దారి 1 + 1 + 1 = 3. ఒకటికి మూడు ప్యారలల్: 3/4.

ఎ–పి మధ్య (అంచు): ఇక్కడ మొదటి రకం అద్దం. క్యూ, ఎ1 ఒకటి. బి, పి1 ఒకటి. ఆ రెండు జంటల మధ్య నేరుగా 1/2, క్యూ1–బి1 మీదుగా 1/2 + 1 + 1/2 = 2; ప్యారలల్‌లో 0.4. అటూ ఇటూ 1/2 కలిపితే 1.4. దానికి ఎ–పి లోని 1 ప్యారలల్: 7/12.

చక్రం_ఆరాకులు: నోడ్లు కలపడమే కాదు, విడదీయడమూ ఉందండోయ్. షడ్భుజికి ఆరు ఆకులు, మధ్యలో ఇరుసు, అన్నీ 1 ఓమ్, ఎదురెదురు మూలలు 1, 4 టెర్మినల్స్. ఇరుసు దగ్గర 1 నుంచి వచ్చిన కరెంటు అంతే 4 కి వెళ్తుంది, 2 నుంచి వచ్చిందంతా 3 కి. కాబట్టి ఇరుసుని మూడు ముక్కలు చేయొచ్చు: మధ్యగీత 2 ఓమ్‌లు, పక్క దారులు ఒక్కోటి 1 + 2/3 + 1 = 8/3. జవాబు 4/5. మీకు 6/7 వచ్చిందంటే 2 ని 6 తో జత కట్టారన్నమాట. ఆ రెండింటి నుంచీ కరెంటు ఇరుసులోకే వస్తుంది, అలా జత కడితే ఆ ఆకులు చచ్చిపోతాయి.

గోల్డ్‌బ్యాండ్: అంచుకి ఇంకా చిన్న దారి లేదా? పరీక్షలో బొమ్మ మళ్లీ గీసే టైముండదు.

సూపర్‌పొజిషన్: ఉంది. ఎ లో 7 యాంపియర్లు పంపి మిగతా ఏడు నోడ్ల నుంచి తలా ఒకటి తీయండి: ఎ–పి లో 7/3. ఇప్పుడు పి నుంచి 7 తీసి, మిగతా ఏడింటిలో తలా ఒకటి పంపండి: అదే అంచులో, అదే దిశలో ఇంకో 7/3. రెండూ కలిపితే మధ్య నోడ్లలో ఏమీ మిగలదు, ఎ లోకి వెళ్లేది 8. అంచు మీద వోల్టేజి 14/3, ఎనిమిదితో భాగిస్తే 7/12.

ఇదే ఫాస్టర్ సిద్ధాంతం (1949) ప్రకారం ఒక్క లైనులో తేలుతుంది: అన్నీ 1 ఓమ్ రెసిస్టర్లున్న నెట్‌వర్క్‌లో అన్ని అంచుల ఫలిత నిరోధాల (ఒక్కో అంచు చివరల మధ్య కొలిచేవి) మొత్తం, నోడ్ల సంఖ్యకి ఒకటి తక్కువ. క్యూబ్‌కి 8 నోడ్లు, ఆ 7 ని 12 అంచులకీ పంచితే 7/12. టెట్రాహెడ్రన్‌కి 3/6, ఆక్టాహెడ్రన్‌కి 5/12. అన్ని అంచులూ ఒకేలా ఉంటేనే ఇలా పంచాలి. పై చక్రంలో ఆకు వేరు, చుట్టూ ఉన్న అంచు వేరు. అక్కడ మొత్తం 6 అని మాత్రమే తెలుస్తుంది.

సోల్డర్‌పొగ: చేసి చూసేవాళ్లు 1 కిలో ఓమ్ తీసుకోండి. 10 ఓమ్‌లవైతే మీటరు ప్రోబ్ తీగల నిరోధం కూడా రీడింగులో కలిసిపోతుంది. ఎదుటి మూలలకి 833, ముఖ కర్ణానికి 750, అంచుకి 583 రావాలి. బంగారు పట్టీవి (విలువలో 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు) వాడితే 750 కి బదులు 713 నుంచి 787 దాకా ఏది చూపినా తప్పు కాదు.

ముఖ కర్ణం రీడింగు ఒక్కటీ చూసి క్యూబ్ బాగుందనుకోవద్దు. పి–పి1 టంకం ఊడినా అందులో ఎలాగూ కరెంటు లేదు, 750 అలాగే ఉంటుంది. 12 అంచులూ కొలవండి. మొత్తం 7,000 దగ్గర ఉంటే క్యూబ్ సరిగ్గా ఉంది. ఒక అంచు ఊడితే దాని దగ్గర 1,400 చూపించి మొత్తం 8,400 కి పోతుంది.