ఉయిరాపురు పిట్ట పాడేది సంగీతమేనా?

తంబుర_శ్రుతి:
అమెజాన్ అడవుల్లో పిచ్చుకంత పిట్ట ఒకటుంది. బ్రెజిల్‌లో ఉయిరాపురు అంటారు, ఇంగ్లీషులో మ్యుజీషియన్ రెన్. గొంతు, రొమ్ము ఇటుక రంగు, మిగతా ఒళ్లు గోధుమ రంగు. చీకటి పొదల కింద పురుగులు ఏరుకుంటూ తిరుగుతుంది కాబట్టి కనబడటం తక్కువ, వినబడటమే ఎక్కువ. నిన్న రాత్రి దాని రికార్డింగ్ విన్నాను. పదిహేనేళ్లుగా పాట నేర్చుకుంటున్నదాన్ని, చెవి ఊరుకోదు కదా! శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని మొదటి కూతను షడ్జమం (సా) అనుకున్నాను. తర్వాతి కూత నేరుగా పంచమం (పా) మీద వాలింది. కాసేపటికి తారషడ్జమానికి (పై సా) ఎగిరింది. ఒళ్లు గగుర్పొడిచింది.

2012లో స్వరకర్త ఎమిలీ డూలిటిల్, పక్షి శాస్త్రవేత్త హెన్రిక్ బ్రమ్ కూడా ఇదే గమనించారు. వరుస కూతల మధ్య చెవికి గరుకుగా తగిలే స్వరాల దూరాలకంటే సా-పై సా, సా-పా, సా-మా లాంటి దూరాలే ఎక్కువట. ఇక దీన్ని సంగీతం అనడానికి అడ్డేంటి?

అడవి_బాట:
అక్కా, నేనూ విన్నాను, చాలా బాగుంది. కానీ షడ్జమం ఎక్కడో నిర్ణయించింది పిట్ట కాదు, మీరు. అదే 2012లో మార్సెలో అరాయా-సలాస్ దీని చుట్టమైన నైటింగేల్ రెన్ పాటను పాశ్చాత్య స్వరస్థానాలతో పోల్చి చూశారు. అది మధ్య అమెరికా పిట్ట. కాకతాళీయంగా కలిసేదానికి మించి ఏమీ కలవలేదు. కలిసిన పిట్టను చూపించి, కలవనిదాన్ని వదిలేస్తే ఎలా? డూలిటిల్, బ్రమ్ కూడా పిట్టకు మన స్వరాల లెక్క తెలుసని అనలేదు.

గూటి_గువ్వ:
మీరిద్దరూ స్వరాల దగ్గరే ఆగిపోయారు. ఉయిరాపురు పాడితే అడవంతా నోరు మూసుకుని వింటుందని అక్కడి కథ. ఎండబెట్టిన పిట్టను దగ్గర పెట్టుకుంటే ప్రేమలో కలిసొస్తుందని నమ్మి, తాయెత్తుగా అమ్మారు. మానకిన్ అనే వేరే జాతి పిట్టలనూ అదే పేరుతో పిలవడంతో అవీ చచ్చాయి. మనవాళ్లు దసరాకి పాలపిట్టను పట్టి, పంజరంలో పెట్టి చూపించడం గుర్తొస్తోంది. ఏ పిట్టనైనా ఆకాశానికెత్తుతుంటే నాకు భయం.

తంబుర_శ్రుతి:
పాలపిట్ట మాట గుచ్చుకుంది.
తమ్ముడూ, నీ మాట మీద మళ్లీ విన్నాను. కూతల మధ్యలో గరగరమని చప్పుళ్లున్నాయి. మొదటిసారి అవి నా చెవికే ఎక్కలేదు. స్వరానికి పనికిరావని నేనే ఏరి పారేశాను. పక్క జతకి చెప్పే అసలు కబురు ఆ గరగరలోనే ఉందేమో! పిట్టకి ఇది సంగీతమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. నాకు మాత్రం సంగీతమే. డూలిటిల్ వాళ్లు అసలు పాటనూ, దూరాలు కాస్త మార్చి కంప్యూటర్‌తో చేసినదాన్నీ జనానికి వినిపిస్తే, ఎక్కువమంది పిట్ట పాటకే ఓటేశారు.

అడవి_బాట:
'నాకు' అన్నారు కదా, ఇక గొడవ లేదు అక్కా. అయితే ఓటేసింది మనుషులే. ఆ మార్చిన పాటను ఒక ఉయిరాపురుకి వినిపిస్తే తేడా పట్టించుకుంటుందా లేదా, నాకు తెలుసుకోవాలనున్నది అదే.

గూటి_గువ్వ:
వినిపించండి, కానీ గూడు పెట్టుకునే రోజుల్లో మాత్రం స్పీకర్ పెట్టొద్దు. ఎవరో చొరబడ్డారనుకుని గూడు వదిలి పరుగెత్తుకొస్తాయి.