జనవరిలో తెల్లతోక జింక వేట: తెలియని కొండల్లో ఎక్కడ కూర్చోవాలి?

కొలంబస్ కొత్తవాడు:
అందరికీ నమస్కారం. ఒహాయోలో జనవరి మొదట్లో నాలుగు రోజులు మజిల్‌లోడర్ (గొట్టం మూతిలోంచి మందు, గుండు కూరి పేల్చే తుపాకీ) సీజన్ ఉంటుంది కదా, దానికి ఏథెన్స్ వైపు వేన్ నేషనల్ ఫారెస్ట్‌కి వెళ్దామనుకుంటున్నాను. ఆ వైపు ఎప్పుడూ తిరగలేదు. నవంబర్‌లో ఇక్కడ పొలం గట్టున కూర్చుంటే మగజింకలు పట్టపగలే కనిపించాయి. అక్కడేమో మ్యాపు నిండా కొండలే. సెలవు రెండు రోజులే దొరికింది. ఎక్కడ మొదలుపెట్టాలి? నేను హెచ్-1బి మీద ఉన్నాను, దానివల్ల ఏమైనా చిక్కు ఉందా?

ఏథెన్స్ బాబాయ్:
అబ్బాయ్, ముందు నవంబర్ లెక్క పక్కన పెట్టు. అప్పుడు మగజింకకి ఆడజింకల ధ్యాస తప్ప ఇంకోటి ఉండదు. ఆ పరుగుల్లో ఒంటి బరువులో ఐదో వంతు దాకా కరిగిపోతుంది. పైగా మధ్యలో తుపాకుల సీజన్ అయిపోయి ఉంటుంది. జనవరికి మిగిలినవాటికి కడుపు నింపుకోవడం, కదలకుండా ఒళ్లు కాపాడుకోవడమే పని. చెట్టు బెరడు కొమ్ములతో గీకిన గుర్తు చూసి ముచ్చటపడి అక్కడ కూర్చోకు. అది రెండు నెలల పాత కబురు. తిండి ఎక్కడుందో వెతుకు.

ఆ కొండల్లో మొక్కజొన్న, సోయా చేలు తక్కువ, ఉన్నవీ ప్రైవేటువే. నువ్వు చూడాల్సింది రెడ్ ఓక్ కాయలు. వైట్ ఓక్ కాయలు రుచి గనక ముందే ఖాళీ అవుతాయి, వగరెక్కువైన రెడ్ ఓక్ కాయలు చలికాలం దాకా మిగులుతాయి. ఆకులు కాలితో తోసి చూడు. కొత్తగా తవ్వినట్టుంటే, పక్కన పెంటికలు మెరుస్తుంటే అక్కడికి వస్తున్నట్టే. లేదా కొన్నేళ్ల కిందట కలప నరికిన జాగాలు చూడు. అక్కడ లేత కొమ్మలు అందుతాయి, దాక్కోవడానికి పొదలూ ఉంటాయి. శాటిలైట్ మ్యాపులో ఇవి ఇట్టే తెలిసిపోతాయి.

పగలు ఎండ తగిలే దక్షిణపు వాలుల్లో పడుకుంటాయి. అక్కడిదాకా పోకు. ఒకసారి లేచి పారిపోయిందంటే నీ రెండు రోజుల్లో మళ్లీ కనిపించదు.

కొండల్లో ఫోన్ చూపించే గాలి దిక్కుని నమ్ముకోవద్దు. ఎండెక్కాక గాలి వాలు మీదుగా పైకి పోతుంది, సాయంత్రం నీడ పడగానే చల్లబడి లోయలోకి జారుతుంది. అప్పుడు నువ్వు పైన ఉండి జింక కింద ఉందా, నీ వాసన దానికి చేరిపోతుంది, అంతే సంగతులు. సాయంత్రం కాయలున్న చోటుకి కాస్త కిందుగా, ఓ పక్కగా కూర్చో. చీకట్లో తెల్లవారుజామున వెళ్తే మేస్తున్నవాటిని నువ్వే తరిమినట్టవుతుంది. నేనైతే మొదటి రోజు మధ్యాహ్నం గుర్తులు వెతికి, రెండు సాయంత్రాలూ కూర్చుంటాను. మంచు పడితే నీ అదృష్టం, అడుగులే దారి చెబుతాయి.

డేటన్ అక్క:
వీసా సంగతి నేను చెప్తాను. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అయితే రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు గడువులో ఉంటే మినహాయింపు ఉంది. గడువు దాటితే మినహాయింపూ పోయినట్టే. సంప్రదాయ మజిల్‌లోడర్లు ఫెడరల్ నిర్వచనంలో తుపాకుల కిందికి రావు. కానీ అన్ని మోడళ్లకీ ఇది వర్తించదు, గ్రీన్ కార్డు దారిలో ఉన్నవాళ్లు లాయర్ని ఒక్క మాట అడగండి. జింకకి వేరే పర్మిట్ కూడా కొనాలి. ఆరెంజ్ జాకెట్ తప్పనిసరి, విల్లుతో వెళ్లినా సరే. ప్రభుత్వ భూముల్లో ఎర వెయ్యకూడదు.

కొలంబస్ కొత్తవాడు:
లైసెన్సు ఉంది అక్కా, థాంక్స్. బాబాయ్ గారూ, జింక పడితే ఒక్కణ్ణే బయటికి తేగలనా?

ఏథెన్స్ బాబాయ్:
అది కూర్చునే ముందే ఆలోచించాలి. లోయ అడుగున కొడితే రోడ్డు దాకా ఎత్తుకి లాగాలి, ఒక్కడివల్ల కాదు. కారు కన్నా పైన చోటు చూసుకో. ఆ అడవి ముక్కలు ముక్కలుగా ఉంటుంది, మధ్యమధ్య ప్రైవేటు భూములు. గాయపడ్డ జింక సరిహద్దు దాటిపోతే యజమానిని అడగకుండా వెనక వెళ్లకు. కొండల్లో సిగ్నల్ అందదు, సరిహద్దులున్న మ్యాపు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకో. పడ్డ జింకని మర్నాడు మధ్యాహ్నం పన్నెండు లోపు ఆన్‌లైన్‌లో రాష్ట్రం వాళ్లకి నమోదు చెయ్యాలి. ట్రీ స్టాండ్ (చెట్టుకి బిగించే చిన్న మంచె) ఎక్కితే పడిపోకుండా హార్నెస్ పట్టీలు కట్టుకో. ఎటువైపు అనుకుంటున్నావో మ్యాపు ఫొటో ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను.