యాషికా ఎలక్ట్రో 35 జీఎస్‌ఎన్ ఫిల్మ్ కెమెరా: ఫిల్మ్ తిప్పే లివర్ తిప్పితే ‘టక్’ రావడం లేదు, చెన్నైలో బాగుచేసేవాళ్లున్నారా?

నమస్కారమండీ. 1973 మోడల్, 45 ఎం.ఎం. ఎఫ్/1.7 లెన్స్. పైన క్రోమ్ మీద గీత కూడా లేదు, అందుకే ఎవరి చేతిలో పడితే వారి చేతిలో పెట్టబుద్ధి కావట్లేదు.

అసలు 5.6 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీ ఇప్పుడు రాదు కదా. 6 వోల్టుల 4ఎల్‌ఆర్44కి స్ప్రింగ్ జోడించి పెట్టాను. చెక్ బటన్ నొక్కితే పచ్చలైటు బాగానే వస్తోంది. కానీ ఎఫ్/16లో (లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి) చీకటి గదిలో షట్టర్ బటన్ సగం నొక్కినా వెలుతురు తక్కువని చెప్పే పసుపులైటు రాదు, షట్టర్ ఎప్పుడూ 1/500 సెకనులాగే కొడుతోంది. లివర్ తిప్పితే వినపడాల్సిన ‘టక్’ లేదు. లోపలి రబ్బరు ప్యాడ్ పొడైపోయిందనే నా అనుమానం. బ్యాటరీ గూట్లో తుప్పు లేదు.

తెలిసినవాళ్లు చెప్పండి: కొత్త ప్యాడ్ ఎంత మందం ఉండాలి, సైకిల్ ట్యూబు ముక్క సరిపోతుందా, గట్టి రబ్బరే కావాలా? పై మూత తీస్తే చాలా, లెన్స్ కూడా విప్పాలా? చెన్నైలో రిచీ స్ట్రీట్, ప్యారీస్ కార్నర్ వైపు ఇది ముందే చేసినవాళ్లుంటే చెప్పండి. ‘సర్వీసింగ్’ పేరుతో షట్టర్‌లో నూనె పోసేవాళ్లు మాత్రం వద్దు.